భిన్నాలు వచ్చునారా?

నకిరేకల్‌లో ఎవరింటి పిల్లకైనా, పిల్లగానికైనా అమెరికా యూనివర్సిటీ నుంచి ఐ-20 వచ్చిందంటే తల్లిదండ్రులకు రెండు పనులు పడతాయి. ఒకటి, చెర్వుగట్టుకు పోయి కొబ్బరికాయ కొట్టి రావడం. రెండు, ఈ సంగతి మా కాక చెవిన పడకుండా చూసుకోవడం. రెండోది ఇంతవరకు ఎవరివల్లా కాలేదు.

కాక రిటైరైన మ్యాథ్స్ లెక్చరర్. ఇలాంటి మనిషి మీ ఊళ్లోనూ ఒకరుంటారు. మీ మేనమామో, పక్కింటి సారో. పీజీకి పోయేవాళ్లెవరికీ బేసిక్స్ సక్కగ లేవని ఆయనకు చూడకముందే తెలుసు. డేటా సైన్స్ కానీ, ఎకనామిక్స్ కానీ, ఉస్మానియాలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ కానీ, పోయేముందు తన దగ్గర కూచుని లెక్కలు తిరగేసి పోవాల్సిందే. ఫీజు తీసుకోడు. పైగా చిన్నమ్మ చాయ్ పోస్తుంది. తప్పించుకునే దారి లేనిది అందుకే.

"సార్, రిగ్రెషన్ చెప్తరా?" అని పోయినోణ్ణి కాక మాత్రికలు అడుగుతాడు. అవి వస్తే నిర్ధారకాలు. అవీ వస్తే ఇంకో మెట్టు దిగి సమీకరణాలు. ఎక్కడో ఒకచోట పిల్లవాడు తడబడాలి. తడబడేదాకా దిగుతూనే పోయి, ఆఖరికి "భిన్నాలు వచ్చునారా?" దగ్గర ఇద్దరూ తేలతారు. జీఆర్ఈ క్వాంట్‌లో 165 తెచ్చుకున్న ఒక పిల్లను, సున్నతోని భాగిస్తే ఏమైతదని అడిగాడు. "భాగించొద్దు సార్" అంది. "ఎందుకు భాగించొద్దు?" అన్నాడు. ఆ సాయంత్రం రిగ్రెషన్ ఊసే రాలేదు.

లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఎకనామిక్స్ ఎమ్మెస్సీలో చేరేవాళ్లకు అసలు క్లాసులు మొదలయ్యే ముందు, సెప్టెంబరులో, కొన్నాళ్లు లెక్కలూ స్టాటిస్టిక్సూ చెప్తారు. అమెరికాలో దీన్నే మ్యాథ్ క్యాంప్ అంటారు. వాళ్లను చూసైనా కాక కోర్సు కుదిస్తాడేమోనని ఈ ముచ్చట నేనే ఆయన చెవిన వేశాను. "కొన్నాళ్లల్ల ఏమైతదిరా, లిమిట్లు గూడ గావు" అని, జూన్‌లో మొదలుపెట్టేది ఆ యేడు ఏప్రిల్‌లోనే మొదలుపెట్టాడు.

మా ఊరి నిమ్మ మార్కెట్టు ఆయనకు ల్యాబు. బస్తా మూతి దగ్గర పెద్ద కాయలు, అడుగున పిందెలు ఉండొచ్చని కొనేవాళ్లకు తెలుసు కాబట్టి చెయ్యి లోపలిదాకా పెట్టి తీస్తారు. శాంపిల్ ఎట్ల తియ్యొద్దో చెప్పడానికి ఇంతకు మించిన పాఠం ఏ పుస్తకంలోనూ లేదు, ఆ గొప్ప ఆయనదే. అయితే కాక అక్కడితో ఆగితే కదా. ముప్పై కాయలు తూకం వేయించి సగటు రాస్తాడు. మళ్లీ ముప్పై. మళ్లీ ముప్పై. ఆ సగటులన్నీ కాగితం మీద గంట ఆకారంలో కుప్పపడేదాకా రైతును కదలనియ్యడు. ఎండాకాలం, నిమ్మకాయ ధర మీదున్న రోజు. "సారూ, కొంటవా, జరుగుతవా?" అని రైతు అడగడంలో తప్పేముంది?

ఇంట్లో గోడకు యాదగిరిగుట్ట నర్సింహస్వామి, ఆయన పక్కన స్టాటిస్టిక్స్ మేధావి సి.ఆర్.రావు. 2023లో, 102 ఏళ్ల వయసులో, రావు గారికి ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ప్రకటించిన రోజు కాక బస్టాండు దగ్గర స్వీట్లు పంచాడు. కొడుక్కు వీసా వచ్చిందా అని ఊరంతా అడిగింది. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల ఎం.ఏ. చేసిన తర్వాతే రావు గారు కలకత్తా పోయి స్టాటిస్టిక్స్ చదివారన్నది కాకకు ప్రాణమైన ముక్క. "సూషిన్రా? ముందుగాల లెక్కలు!" ఆయన చెప్పకుండా దాటేసే ముక్క ఇంకొకటుంది. కలకత్తాలో రావు గారు పాఠం చెప్తుంటే దండేకర్ అనే విద్యార్థి లేచి, పెద్ద శాంపిళ్లకు చెప్పిన ఈ ఫలితం చిన్నవాటికీ వర్తిస్తుందా అని అడిగాడు. రావు గారు రాత్రంతా కూచుని తేల్చారు. 1945లో అచ్చయిన క్రామర్-రావు హద్దు అట్లా పుట్టింది. కాక క్లాసులో దండేకర్ లేచి ఉంటే "ముందు నోట్సు రాస్కో" అనిపించుకుని కూచునేవాడు. నిష్పాక్షికమైన అంచనా ఎంత మంచిదైనా దాని విస్తృతి ఇంతకంటే తగ్గదని చెప్పే కింది హద్దు ఆ క్రామర్-రావు హద్దు. కాక బేసిక్స్‌కూ అట్లాంటి కింది హద్దు ఒకటి ఎవరైనా కనిపెడితే పిల్లలు బతికిపోదురు.

విమానం ఎక్కే రోజు కూడా వదలడు. ఇన్నోవాలో ముందు సీటు ఆయనది. చిట్యాల దాటేలోపు బేయిస్ సిద్ధాంతం, పంతంగి టోల్ దగ్గర లైనుంటే దానికి ఉదాహరణలు. ఇరవైమూడు కిలోల పెట్టెలో గుప్తా-కపూర్ స్టాటిస్టిక్స్ పుస్తకం పెట్టాలని ఆయన, చింతకాయ తొక్కు పెట్టాలని పిల్లవాడి తల్లి. ఎప్పుడూ తొక్కే గెలుస్తుంది. పుస్తకం చేతిసంచిలోకి చేరుతుంది.

ఇంత చెప్పాక ఇదీ చెప్పాలి. విస్తృతి లెక్కలో ఎన్‌తో భాగించకుండా ఎన్ మైనస్ ఒకటితో ఎందుకు భాగిస్తారని డల్లాస్‌లో ప్రొఫెసర్ అడిగితే క్లాసులో చెయ్యెత్తింది మా ఊరి పిల్లవాడొక్కడే. "సగటు అదే శాంపిల్ల నుంచి తీస్తిమి, ఆడ్నే ఒకటి ఖర్చయిపాయె" అన్న కాక మాటనే ఇంగ్లీషులో అప్పజెప్పాడట. ఫోనొచ్చిన రాత్రి కాక నిద్రపోలేదు, చిన్నమ్మను పోనివ్వలేదు.

ఇది రాసి ఆయనకే చూపించాను. కళ్లద్దాలు పైకి జరుపుకుని మొత్తం చదివాడు. తిడతాడనుకున్నా.

"మంచిగనే ఉన్నదిర. గని, ఒక్కణ్ణి సూసి అసొంటోళ్లందరి మీద రాస్తివి. శాంపిల్ ఎంత? ఒకటి. ఒకట్ల నుంచి ఒకటి తీసేస్తే?"

"సున్న, కాకా."

"మరి దేంతోని భాగిస్తవ్? కూసో. నోట్సు తియ్యి."