మనకు రాదులే అనే ధీమా

మా రోజుల్లో ఎవరైనా ఫ్లాపీ చేతికిస్తే ముందు దాని మూల చూసేవాళ్లం. మూడున్నర అంగుళాల ఫ్లాపీకి ఒక మూలన చిన్న మీట ఉండేది. అది జరిపి చిల్లు తెరిస్తే ఇక కంప్యూటర్ దాని మీద ఏమీ రాయలేదు. అంతకు ముందు వచ్చిన పెద్ద ఫ్లాపీలకైతే పక్కనున్న గంటు మీద కాగితం బిళ్ల అంటించేవాళ్లం. బయటి ఫ్లాపీని వైరస్ కోసం స్కాన్ చేయకుండా తెరిస్తే కంప్యూటర్ సెంటర్లో పెద్ద గొడవయ్యేది.

ఇప్పుడు నెల్లూరులో ఇంజనీరింగ్ చదివే పిల్లల్ని అడగండి. "నాది లైనక్స్ తాతా, వైరస్ రాదు" అంటారు. అమెరికా నుంచి మ్యాక్ తెప్పించుకున్నవాళ్లదీ అదే మాట. 2012లో ఫ్లాష్‌బ్యాక్ అనే దొంగ ప్రోగ్రాం జావాలోని లొసుగులోంచి దూరి ఆరు లక్షల మ్యాక్‌లకు పైగా పట్టుకుంది. ఆ సంగతి వీళ్లకు చెప్పినవాళ్లే లేరు.

ఈ ధీమా మన తీరంలో కొత్త కాదు. 1994 ప్రాంతంలో తెల్లమచ్చ రోగం వచ్చి టైగర్ రొయ్య చెరువులు ఊడ్చుకుపోయాయి. 2009లో వనామీ రొయ్యకి అనుమతి వచ్చాక, ఇది రోగం లేని తల్లి రొయ్య పిల్ల, దీనికేం కాదన్నారు. పిల్ల రోగం లేకుండా వచ్చిన మాట నిజమే. రోగం లేకపోవడం వేరు, రోగం రాకపోవడం వేరు. పీతలు రాకుండా కట్టే కంచె తీసేసి, నీళ్లకు బ్లీచింగ్ మానేస్తే వనామీకీ తెల్లమచ్చ వస్తుంది, వచ్చింది కూడా.

లైనక్స్‌కు బలం లేదని నేననను. సాఫ్ట్‌వేర్‌ను సాధారణంగా తన సొంత భాండాగారం నుంచే, డిజిటల్ సంతకం సరిచూసి మరీ దించుకుంటుంది. మామూలు యూజర్‌కి సిస్టమ్‌ను మార్చే అధికారం ఉండదు, పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇంత మంచి ఏర్పాటును ఈ పిల్లలు చేతులారా పాడుచేస్తున్నారనేదే నా బాధ. యూట్యూబ్‌లో ఎవరో చూపించిన కమాండ్‌ను, ముందు సిస్టమ్ మీద పెద్ద అధికారం ఇచ్చే సుడో అనే మాట ఉందో లేదో కూడా చూడకుండా అతికించి ఎంటర్ కొడతారు. పాస్‌వర్డ్ అడిగితే కొట్టేస్తారు. ఇంకో సంగతి. మీ ఫోటోలు, బ్రౌజర్లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు ఎత్తుకుపోవడానికి దొంగ ప్రోగ్రాంకి ఆ పెద్ద అధికారం అక్కర్లేదు. మీ పేరు మీద నడిస్తే చాలు.

2017 మే 12న ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వనాక్రై విరుచుకుపడినప్పుడు మన రాష్ట్రంలో పోలీసుల కంప్యూటర్లకూ, తిరుమల తిరుపతి దేవస్థానం కంప్యూటర్లు కొన్నింటికీ దెబ్బ తగిలింది. అన్నీ విండోస్‌వే. లైనక్స్ వాళ్లు రొమ్ము విరుచుకున్నారు. ఆ లొసుగును పూడ్చే అప్‌డేట్ మార్చిలోనే వచ్చింది, చాలావరకు వేసుకోనివాళ్లకే ఆ తిప్పలు. అది మాత్రం ఎవరికీ పట్టలేదు. నెల తిరక్కుండానే దక్షిణ కొరియాలో నయానా అనే హోస్టింగ్ కంపెనీలో 153 లైనక్స్ సర్వర్లకు అలాంటిదే ఎరెబస్ అనేది తాళం వేసింది. ఆ కంపెనీ దొంగలకు పది లక్షల డాలర్ల దాకా కట్టుకోవాల్సి వచ్చింది.

తక్కువమంది వాడతారు కాబట్టి దొంగలు రారన్న మాట కూడా ఇప్పుడు చెల్లదు. జేబులో ఆండ్రాయిడ్ ఫోన్ అడుగున ఉన్నది లైనక్సే. ఇంట్లో వైఫై రూటర్లోనూ, సీసీ కెమెరా పెట్టెలోనూ చాలావరకు అదే. ఇందుకూరుపేట వైపు ఒక రొయ్యల చెరువు గట్టున సీసీ కెమెరా పెట్టె తెరిచి చూశాను. యూజర్ అడ్మిన్, పాస్‌వర్డ్ అడ్మిన్. బిగించినవాడు మార్చలేదు, మార్చుకోమని రైతుకు చెప్పనూ లేదు. "ఇందులో దోచుకునేదానికి ఏముందయ్యా" అన్నాడాయన. దొంగకు ఆయన రొయ్యలతో పనిలేదు, ఆ పెట్టె చాలు. 2016లో మిరాయ్ అనే దొంగ ప్రోగ్రాం చేసింది అదే. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాలను, రూటర్లను లక్షల్లో కూడగట్టి, అక్టోబరు 21న వెబ్‌సైట్ల చిరునామాలు వెతికిపెట్టే డైన్ అనే కంపెనీ మీదికి తోలితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి మూగబోయాయి.

మరి యాంటీవైరస్ కొనాలా అంటారు. ఇంట్లో లైనక్స్‌కి డబ్బు పోసి కొనమనను. అప్‌డేట్ వచ్చిన రోజే వేసుకోండి. ఫోన్‌లో పెళ్లిపత్రిక అనో, ట్రాఫిక్ చలానా అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైల్ ఎవరు పంపినా తెరవొద్దు. ఫోటోలు, ప్రాజెక్ట్ రిపోర్టులు విడిగా ఒక హార్డ్ డిస్కులో కాపీ చేసి, పని కాగానే వైరు పీకేయండి. ఒకరికి ఫైల్ పంపేముందు క్లామ్‌ఏవీతో స్కాన్ చేయండి, అది ఉచితమే. మీ దగ్గర నిద్రపోయే వర్డ్ మాక్రో వైరస్ ఎదుటివాడి విండోస్‌లో లేచి కూర్చుంటుంది.