బైండరమ్మ

బైండరమ్మ అమెరికాలో, అందులోనూ తెలుగువాళ్లు బాగా స్థిరపడిన ఫ్రిస్కో, ఇర్వింగ్ వంటి టెక్సస్ ఊళ్లలో తరచుగా కనిపించే తల్లి. బిడ్డకు ఆటిజమో, మాట ఆలస్యమో, చదువులో ఇబ్బందో ఉందని తేలిన ఏడాదిలోపే ఈ అవతారం ఎత్తుతుంది. గుర్తుపట్టడం తేలిక: చంకలో రంగురంగుల ట్యాబుల బైండరు, చేతిలో ఫ్రేము కట్టించిన బిడ్డ ఫొటో, సంచిలో మురుకుల స్టీలు డబ్బా.

ఈమె రణరంగం ఐఈపీ సమావేశం, అంటే ఇలాంటి బిడ్డకు బడిలో విడిగా చదువు ప్రణాళిక రాసే, ఏడాదికోసారైనా జరిగి తీరాల్సిన సమావేశం. టెక్సస్‌లో దాన్నే ఆర్డ్ మీటింగ్ అంటారు. బల్లకు అటువైపు క్లాసు టీచరు, స్పెషల్ ఎడ్యుకేషన్ టీచరు, స్పీచ్ థెరపిస్టు, పరీక్షల ఫలితాలు విడమర్చే నిపుణురాలు, స్కూల్ డిస్ట్రిక్టు తరఫున మాట ఇవ్వగల అధికారి. ఇటువైపు ఈమె, పక్కన భర్త. గంటసేపు తెర కేసి చూసి, లేచే ముందు "మరి మాథ్స్?" అని అడగడం ఆయన వంతు.

తొలి ఏడాది ఈమెకు లోకం తెలియదు. "మా వాడికి బెస్ట్ కావాలండీ" అనేస్తుంది. పప్పులో కాలు పడేది అక్కడే. 1975లో వచ్చి, 1990లో ఐడియా అని పేరు మార్చుకున్న ప్రత్యేక విద్యా చట్టం ఇస్తానన్నది ‘తగిన’ చదువే. పిల్లల శక్తిని గరిష్ఠానికి చేర్చే పూచీ బడిది కాదని సుప్రీంకోర్టు 1982లోనే రౌలీ కేసులో తేల్చేసింది. రెండో ఏటికి ‘బెస్ట్’ అన్న మాట ఆమె నోట రాదు. బదులుగా 2017 నాటి ఎండ్రూ కేసు వస్తుంది: నామమాత్రపు ప్రగతి చాలదు, బిడ్డ పరిస్థితికి తగ్గ ప్రగతి ఉండాలి. ఆ తీర్పు ఎర్ర ట్యాబు కింద ఉంటుంది.

అసలు విద్య మాత్రం రైతుబజారులో నేర్చిందే. "ఎంత చక్కటి పిల్లాడో!" అని పొగడ్త మొదలైందంటే నిమిషాలకు కోత పడబోతోందని ఆమెకు తెలుసు. వారానికి 60 నిమిషాల స్పీచ్ థెరపీని 30 చేద్దామంటారు. ఆమె మురుకుల డబ్బా అటు జరిపి, నీలం ట్యాబు తీస్తుంది. "నిరుటి నాలుగు లక్ష్యాల్లో అందింది ఒక్కటే కదా. మూడు మిగిలుంటే నిమిషాలెలా తగ్గుతాయి?" బేరం 45 దగ్గర తెగుతుంది. ఇక కొసరు. ‘అవసరమైనప్పుడు సాయం’ అని ఉన్నచోట ‘రోజుకు రెండుసార్లు’ అని రాయిస్తుంది. అప్పటికీ కుదరకపోతే సమావేశానికి 10 బడి రోజులు మించని విరామం తీసుకోవచ్చు. ఆ పది రోజులూ ఇంట్లో పచ్చడి మెతుకులే.

ఇండియా నుంచి అత్తగారు ఫోనులో ధైర్యం చెబుతుంది: "వాళ్ల నాన్నా నాలుగేళ్లదాకా మాట్లాడలేదమ్మా."

"ఇప్పటికీ మాట్లాడరు కదత్తయ్యా" అంటూనే ఆ ముక్కను కుటుంబ చరిత్ర ట్యాబు కింద తేదీ వేసి రాసుకుంటుంది.

బిడ్డకు 14 ఏళ్లు వచ్చేసరికి టెక్సస్‌లో బడి తర్వాతి జీవితానికి ప్రణాళిక మొదలుకావాలి. ఆ సమావేశానికి బిడ్డనూ పిలుస్తారు. అంతదాకా ఫ్రేములో ఉన్నవాడు కుర్చీలోకి వస్తాడు. ఏం కావాలని అడిగితే, "క్లాసులో నా పక్కన హెల్పర్ వద్దు" అంటాడు. ఆ హెల్పర్ కోసం వాళ్లమ్మ మూడేళ్లు పోరాడింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా బైండరమ్మ కేసి చూస్తారు. ఆమె కొత్త ట్యాబు తీసి, దానిమీద వాడి పేరు రాసి, ఆ మాటను తేదీ వేసి ఎక్కించుకుంటుంది.