12,000 ఏళ్ల సామ్రాజ్యం, మూడో భాగానికే కునుకు

అసిమోవ్ నవలల ఆధారంగా 2021లో ఆపిల్ టీవీ ప్లస్‌లో మొదలైన ‘ఫౌండేషన్’ సిరీస్‌లో గెలాక్సీ సామ్రాజ్యం వయసు 12,000 ఏళ్లు. నూజివీడు ప్రేక్షకుడి ఓపిక వయసు మూడు భాగాలు.

గ్రహాలు అదిరాయి. ఓడలు అదిరాయి. ఆకాశానికి వేసిన నిచ్చెన కూలడం మరీ అదిరింది. ఎవరు ఎవరికేమవుతారో మాత్రం అంతుపట్టలేదు. చక్రవర్తులు ముగ్గురూ ఒకే మనిషి నకళ్లు కావడంతో వాళ్లను గుర్తుపట్టడం మరింత సులువైంది!

కథలోని గణితవేత్త హారీ సెల్డన్ కోటానుకోట్ల జనం భవిష్యత్తును లెక్కగట్టగలడు. ఒక్క మనిషి ఏం చేస్తాడో చెప్పడం ఆ లెక్కకు అందదు. రిమోట్ ఆ ఒక్క మనిషి చేతిలోనే ఉంది.

మామిడి తోటల ఊరి తీర్పు: కార్బైడ్ కాయ. రంగుంది, రసం లేదు. (చిన్నరసాన్ని రంగు చూసి ఎవరూ కొనరు.)

మూడో సీజన్ 2025 జులైలో వచ్చింది. నూజివీడులో అప్పటికే సీజన్ అయిపోయింది.