సకుటుంబ సపరివార సమేతం: టీకా తాత్పర్యం

మూలం: సకుటుంబ సపరివార సమేతంగా చూడదగిన సంక్రాంతి చిత్రం.

ప్రతిపదార్థం: 'చూడదగిన' అన్నది స్పష్టమే గనుక వ్యాఖ్య అక్కరలేదు. చిత్రమంటే పెద్దలతో కూర్చుని తలదించుకోకుండా చూడగలిగేది. ఇక 'సకుటుంబ' సహపూర్వపద బహువ్రీహి. 'స' అంటేనే తోడుగా అని అర్థం. అటువంటివి రెండుండగా వెనుక 'సమేతం' కూడా చేరింది. ఒక్క వాక్యానికి మూడు తోడులు! దీన్ని పునరుక్తి దోషమంటారు. పోస్టర్లవారు భారీతనమంటారు.

పరివారం: సంస్కృతంలో ఇది కొలువువారి మాట, పల్లకీ బోయీలు, వింజామరలవారు ఇందులో చేరతారు. సీమలోని బనగానపల్లెలో ఈ పదానికి 1948 దాకా అర్థముండేది. ఆ ఏడు సంస్థానం మద్రాసు రాష్ట్రంలో కలిసింది. యాగంటి దారిలో నవాబు బంగళా మాత్రం మిగిలింది. ఇప్పుడు దాన్ని అరుంధతి కోట అంటే గానీ ఆటోవారు పోల్చుకోరు. కోడి రామకృష్ణ 'అరుంధతి' చిత్రీకరణ జరిగింది అక్కడే. 2009 జనవరి 16న, పండుగ వేడి చల్లారకముందే విడుదలైంది. కథలో మాత్రం అది గద్వాల కోట. ఊరికి దక్కింది పేరు కాదు, దయ్యం. ఆత్మీయత మాత్రం వేరే ఊరికి దక్కింది. 2017 జనవరి 14న వచ్చిన 'శతమానం భవతి'లో పిల్లల కోసం ఎదురుచూసే తల్లిదండ్రులది ఆత్రేయపురం. దానికి సంపూర్ణ వినోదపు జాతీయ పురస్కారం కూడా వచ్చింది, మంచిదే. అయితే పండుగకు పిల్లలొచ్చే ఇల్లు ఎప్పుడూ కొబ్బరిచెట్ల కిందే ఉండాలా? నాపరాయి పరిచిన వసారాలో ఎవరూ ఎవరికోసమూ ఎదురుచూడరా? సీమకు సుమోలు, కత్తులు, సమాధులేనా?

ప్రకృతం సమాసం.

విశేషం: పాణిని 2.2.28 సూత్రం ఈ సమాసానికి తుల్యయోగం కావాలంటుంది. అంటే వెంట వచ్చినవారికీ ఆ పనిలో సమభాగం ఉండాలి. భోగినాడు నువ్వులద్దిన సజ్జరొట్టెలు కాల్చి, గిన్నెలు తోమి, అందరికీ చీరలూ చొక్కాలూ తీసిచ్చి కోడలు బయలుదేరేసరికి పేర్లు పడిపోతాయి. చంటివాడు ఏడుస్తాడు. వాణ్ణి భుజానేసుకుని ఆమె పాప్‌కార్న్ బండి పక్కన నిలబడుతుంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఒక ముక్క పాట వినబడుతుంది. తిరుగు ఆటోలో కథ అడిగితే, విశ్రాంతి దాకా గురకపెట్టిన జేజి చెబుతుంది. తుల్యయోగం అన్నిచోట్లా తప్పనిసరి కాదని కాశికావృత్తి సడలించింది. వృత్తికారులూ కోడళ్లున్న ఇంటివారే అయివుండాలి.

తాత్పర్యం: సినిమా బాగుంది, ఇంటిల్లిపాదినీ తీసుకుపొండి అని భావం. చంటివాణ్ణి ఎవరు ఎత్తుకోవాలన్నది మూలంలో లేదు.