‘ఓపాలి ఇటు సూడండమ్మా’: టీకా తాత్పర్య సహితం

మూలం: ఓపాలి ఇటు సూడండమ్మా. ఒక్కటే. ఎక్కడా ఎట్టనులెండి.

అవతారిక: బొబ్బిలిలో ఒకానొక డిగ్రీ కళాశాల. మధ్యాహ్నం గంట కొట్టారు. వేపచెట్టు కింద నలుగురు అమ్మాయిలు కేరేజీలు విప్పి, ఒకరి గిన్నెలో కూర ఇంకొకరు లాక్కుని తింటున్న వేళ, మెడలో కెమెరా వేలాడేసుకున్న సీనియరొకడు పలికిన వాక్యమిది. వక్త దుర్మార్గుడు కాడు. కాలేజీలకు గ్రేడులిచ్చే నాక్ వారికి ఫొటోలు చూపాలి, అవీ జియో ట్యాగుతో ఉండాలి. మొక్క నాటినా, చీపురు పట్టినా, అతిథికి శాలువా కప్పినా ఫొటో లేకపోతే జరగనట్టే లెక్క. ఆకలి కాలేజీది, తిరిగేది వీడు.

ప్రతిపదార్థం: ఓపాలి = ఈ పూటకి పదోసారి; ఇటు = కెమెరా ఎటుంటే అటు; సూడండమ్మా = చూసినా సరే, చూడకున్నా సరే (మూడు ఇదివరకే తీసేశాడు గనుక); ఒక్కటే = నొక్కడం ఒక్కటే, పడేవి పన్నెండు; ఎక్కడా = ఇన్‌స్టాలోను, కాలేజీ గ్రూపులోను, వచ్చే ఏటి అడ్మిషన్ల ఫ్లెక్సీలోను తప్ప మరెక్కడా; ఎట్టనులెండి = నేను పెట్టను, పెట్టేవారు వేరే ఉన్నారు.

అలంకారం: అతిశయోక్తి.

టీక: ఇక్కడ పూర్వపక్షి లేచి, ‘పిల్లలేమీ అనలేదు కదా, మౌనం అర్ధాంగీకారం’ అంటాడు. నోట్లో ఆవకాయ ముద్ద ఉన్నవాళ్లు ఏమంటారు? పోనీ అర్ధాంగీకారమే అనుకుందాం. అప్పుడు సగం మొహమే తీయాలి. ‘కాలేజీ అందరిదీ, చెట్టు అందరిదీ’ అన్నది రెండో వాదం. చెట్టు అందరిదే, మొహం కాదు. అడక్కుండా మీదికొచ్చేవాళ్ల సంగతి ఈ ఊరికి 1757 నుంచీ తెలుసు. బొబ్బిలి యుద్ధానికి ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులతో వచ్చాడు, వీడు లెన్సుతో వచ్చాడు, పోలిక అంతవరకే.

ప్రమాణాలు: 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చారు. ఇది శ్రుతి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సూత్రం. నియమాలనే భాష్యం 2025 నవంబరుకు గాని రాలేదు, అందులోనూ ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువు. భాష్యకారులు తొందరపడరు. సూత్రం ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా ఇవ్వాలి, ఫలానా పనికని తెలిసి ఇవ్వాలి, షరతు ఉండకూడదు, సందేహానికి చోటుండకూడదు. ఇంటర్ పిల్లల్లాగా 18 నిండనివాళ్లయితే తల్లిదండ్రుల్ని అడగాలి. సొంత ముచ్చటకి తీసుకుని ఇంట్లో దాచుకునేదాని జోలికి చట్టం రాదు. కాలేజీ ప్రచారం ఇంటి ముచ్చట కాదు.

తాత్పర్యం: ‘ఫలానా పనికని’ అన్నచోటే అసలు కిటుకంతా. ఫేర్‌వెల్ రోజున స్నేహితురాలి కోసం పట్టుచీర కట్టుకుని నవ్విన అమ్మాయి, జూన్‌లో ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర బస్సు దిగేసరికి, ‘అడ్మిషన్లు జరుగుచున్నవి’ కింద పన్నెండడుగుల ఎత్తున తానే నవ్వుతూ ఉంటుంది. ‘ఏటి, నీ బొమ్మేనా?’ అని కండక్టరు అడుగుతాడు. ఊళ్లో నాయనమ్మ వినే లోపు నలుగురు అడుగుతారు. ఆమె నవ్వింది నిజమే, నవ్వించుకున్నది స్నేహితురాలు, వాడుకున్నది ఇంకొకరు. ఇచ్చినంత సులువుగానే సమ్మతిని వెనక్కి తీసుకునే వీలుండాలనీ సూత్రం చెబుతోంది. ఇవ్వడానికి తల ఊపితే చాలు. ఫ్లెక్సీ దింపాలంటే నిచ్చెన కావాలి, ఆఫీసులో నాలుగు సంతకాలు కావాలి, ఈలోగా వానకి అదే చిరిగిపోతుంది.

ఆక్షేపం: ముందే అడిగితే అందరూ జడలు ముందుకేసుకుని, రెండు వేళ్లు చాపి బిగుసుకుంటారు. కూర లాక్కునే ఆ సందడి ఇక దొరకదు. ఇది గట్టి ఆక్షేపమే, కొట్టిపారేయలేం. తీశాక దగ్గరికెళ్లి తెర చూపించి, ఎక్కడ పెట్టబోతున్నామో చెప్పి, వద్దంటే వాళ్ల ఎదుటే చెరిపేసే సంప్రదాయమొకటి ఉంది. టీకాకారుడు ఆ పక్షం. దాంట్లోనూ చిక్కుంది. ముగ్గురు ‘ఎట్టండి గానీ ముందు మాకు పంపండి’ అంటారు, నాలుగో అమ్మాయి ‘నా బుగ్గ ఉబ్బింది, తీసీండన్నయ్యా’ అంటుంది. ఆమె అంచున కూర్చుని ఉంటే కత్తిరించవచ్చు. నడుమ కూర్చుంటే ఆ ఫొటోకి మోక్షం లేదు, చెరపడమే. నాక్ వారికి మొక్క నాటిన ఫొటో పంపుకోవచ్చు.