మెగా శబ్ద విచారం

మూలం: నాచారంలో మెగా ఉచిత వైద్య శిబిరం.
(ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర కట్టిన ఫ్లెక్సీ)

ప్రతిపదార్థం: నాచారంలో = ఫ్యాక్టరీల నడుమ ఇళ్లు, ఇళ్ల నడుమ ఫ్యాక్టరీలు గల నాచారమందు; మెగా = మిక్కిలి పెద్దదైన; ఉచిత = రూపాయి అడగని (సంస్కృతంలో 'తగిన' అని అర్థం, అది ఇక్కడ పొసగదు); వైద్య = బీపీ చూసెడి; శిబిరం = షామియానా.

టీక: తగువంతా మెగా దగ్గరే. ఇది మన 'మేఘ' శబ్దమే, వత్తు రాలిపోయిందని మా కాలనీ పెద్దాయన వాదం. వానలో ఫ్లెక్సీ కింద నిలబడి చెప్పాడు గనుక పూర్వపక్షం కాసేపు బలంగానే తోచింది. కాని మేఘానికి ధాతువు వేరు. మెగా గ్రీకు పదం, మన 'మహత్'కు దాయాది. గ్రీకు అక్షరాల్లో ఒమైక్రాన్ అంటే చిన్న ఒ, ఒమెగా అంటే పెద్ద ఓ. మహత్తు కర్మధారయంలో 'మహా' కావాలని పాణిని నియమం పెట్టాడు. మెగాకు ఏ నియమమూ లేదు, దేనికైనా అతుక్కుంటుంది. ఇక్కడ గ్రీకు పదం సంస్కృత పదంతో కలిసింది కనుక ఇది వైరి సమాసం. 'మెగా మహాసభ' అన్నవారికి పునరుక్తి దోషం అదనం.

ప్రయోగ చరిత్ర: ఇదే నాచారంలో రామకృష్ణ స్టూడియో కట్టిన ఎన్టీఆర్‌కు నటరత్న, విశ్వవిఖ్యాత నటసార్వభౌమ అని సంస్కృత బిరుదులు. 1988లో 'మరణమృదంగం'తో చిరంజీవి మెగాస్టార్ అయ్యాడు. ఇక మెగా సేల్, మెగా జాబ్ మేళా, మెగా డీఎస్సీ.

పరిమాణం: కొలతల శాస్త్రంలో మెగా అంటే 10 లక్షలు. మెగావాట్ అంటే 10 లక్షల వాట్లు. ఆ లెక్క సరిచూడ్డానికి వ్యాఖ్యాత పోయిన ఆదివారం స్వయంగా వెళ్లాడు. షామియానా ఒకటి, డాక్టరు ఒకరు, బీపీ మిషన్ ఒకటి, కుర్చీలు 20. మరి మెగాకు అన్వయం ఎక్కడ? ఫ్లెక్సీని మళ్లీ చూస్తే తెలిసింది: దాని మీద నాయకుల ఫొటోలు 23. విశేషణం శిబిరానికి కాదు, ఫ్లెక్సీకే.

తాత్పర్యం: నాచారంలో వచ్చే ఆదివారం కూడా బీపీ చూస్తారు. మిషన్ ఒక్కటే, తొమ్మిదింటికల్లా వెళ్లండి.