లాగిన్ అంకుల్

కొత్తపేట నుంచి ఎల్బీనగర్ దాకా ఏ కాలనీలో చూసినా ఒక లాగిన్ అంకుల్ తగులుతాడు. రిటైరై ఉంటాడు, చంకలో పాత డైరీ ఉంటుంది. అందులో కాలనీ వాళ్ళ పాస్‌వర్డులన్నీ ఉంటాయి. పేర్లు మాత్రం రాయడు, ఫ్లాట్ నంబర్లే రాస్తాడు. ఆయన లెక్కలో సెక్యూరిటీ అంటే అదే.

2022 జూలైలో కేంద్రం 'మేరీ పెహచాన్' తెచ్చింది. ఒక్క ఖాతాతో లాగినైతే చాలు, బోలెడు సర్కారు సేవల్లోకి వెళ్ళిపోవచ్చన్నారు. ఆ వార్త చదివి అంకుల్ మొహం మాడిపోయింది. సైటు తెరిచాక మళ్ళీ వెలిగింది. డిజిలాకర్‌తో వస్తారా, ఇ-ప్రమాణ్‌తోనా, జన్ పరిచయ్‌తోనా అని అక్కడే మూడు దారులు! "ఏ దారో చెప్పనీకి మనిషి కావాలె గదా" అంటూ కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ హాస్టళ్ళ పిల్లలూ ఆయన దగ్గరికే వస్తారు. పబ్లిక్ సర్వీస్ కమిషన్ వాళ్ళది పేరుకు 'వన్ టైమ్ రిజిస్ట్రేషన్'. 2022లో కొత్త జోన్ల ప్రకారం దాన్నే మళ్ళీ సవరించుకొమ్మన్నారు. ఆ సీజన్లో అంకుల్ ఇంట్లో టీపొడి నిలవలేదని ఆంటీ ఇప్పటికీ అంటుంది.

అసలు తంటా లాగిన్‌తో కాదు, ఓటీపీతో. మొన్న ఒక గ్రూప్-2 కుర్రాడు డిజిలాకర్ కోసం వచ్చాడు.

"ఆధార్‌కు ఏ నంబరు లింకుందిరా?"

"మా నాయనదంకుల్."

"ఫోన్ చెయ్యి మరి."

"నాయన పొలం కాడికి పోయిండు. ఫోను ఇంట్ల చార్జింగ్‌కు పెట్టి పోయిండు."

ఓటీపీ ఆయుష్షు నిమిషాలే. దేవరకొండ దగ్గర పొలం నుంచి ఇంటికి నడక అంతకంటే ఎక్కువ. "పొద్దుగూకినంక రా బిడ్డా" అని పంపించాడు.

రోజూ పొద్దున్నే కాలనీ వాట్సాప్ గ్రూపులో "ఓటీపీ ఎవ్వరికీ చెప్పొద్దు" అని ఎర్రక్షరాల పోస్టు పెడతాడు, పక్కన దండం బొమ్మతో సహా. దాని కిందనే, అదే గ్రూపులో, "అంకుల్, వచ్చింది, రాసుకోండి" అని ఆరంకెలు వేస్తారు జనం. ఆయనా రాసుకుంటాడు. దుర్మార్గుడు కాడు, పైసా అడగడు. కానీ ఆ డైరీ ఏ ఆటోలోనో మర్చిపోతే మాత్రం కాలనీ మొత్తం వీధిన పడుతుంది.

మీ కాలనీలోనూ ఇలాంటి అంకుల్ ఉంటే, ముందు మీ ఆధార్‌కు మీ సొంత నంబరు లింకు చేయించుకోండి. తర్వాత పాస్‌వర్డు మార్చుకోండి. కొత్తదేమిటని ఆయన అడుగుతాడు, చెప్పకండి.